ఆర్సీ రేసు బండి చాసీ: ముందు వంకర, తర్వాత మెలి, ఆ తర్వాతే స్ప్రింగులు

ఈ పద్ధతి రిమోట్‌తో నడిపే (ఆర్సీ) 1/10 సైజు ఎలక్ట్రిక్ టూరింగ్ కార్ల కోసం. అంటే 190 మిల్లీమీటర్ల వెడల్పు, అటూ ఇటూగా 257 మిల్లీమీటర్ల వీల్‌బేస్, కింద కార్బన్ లేదా అల్యూమినియం ప్లేటు, మీద సన్నటి టాప్ డెక్, ఆ రెంటి మధ్య బల్క్‌హెడ్లు (ముందూ వెనకా సస్పెన్షన్‌ను పట్టుకునే దిమ్మెలు), మోటార్ మౌంటు ఉండే బండ్లు. ఎర్రమట్టి మీద తోలే బగ్గీల సంగతి చివర్లో ఉంది.

మొదలుపెట్టే ముందు ఒకటి తెలిసుండాలి. చాసీ కూడా ఒక స్ప్రింగే. మలుపులో బరువు బయటి చక్రాల మీదికి పోయినప్పుడు షాకు స్ప్రింగు నలిగినట్టే ప్లేటు కూడా మెలి తిరుగుతుంది. షాకు స్ప్రింగును అదుపు చేయడానికి లోపల ఆయిల్ ఉంది. ప్లేటును అదుపు చేసేదేమీ లేదు, మెలి తిరిగినంతా వెంటనే వెనక్కి కొడుతుంది. ఇంకో ఇబ్బంది ఏంటంటే, ముందు స్ప్రింగు మార్చి వెనక పట్టు సరిచేయాలనుకుంటే ఆ మార్పు వెనక చక్రాలకు చేరాల్సింది చాసీ మీదుగానే. చాసీ మెత్తనైతే మార్పు మధ్యలోనే పోతుంది. స్ప్రింగుల డబ్బా మొత్తం మార్చి చూసినా "ఏం తేడా తెలుస్తలేదు" అనిపించేది ఇందుకే.

అట్లని ఎంత గట్టిదైతే అంత మంచిదని కాదు. మన దగ్గర దొరికే నేలలు కార్పెట్ ట్రాకులు కావు. కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టు, ఫంక్షన్ హాలు పార్కింగు, కొత్తగా వేసిన బీటీ రోడ్డు ముక్క, ఊళ్లల్లో వడ్లు ఆరబోసే సిమెంటు కల్లం (కోతల కాలంలో అటు పోవద్దు, రైతు పని ముందు). వీటన్నిటి మీదా సన్న దుమ్ము, అతుకుల గీతలు ఉంటాయి. ఇలాంటి నేల మీద చాసీ కాస్త ఒదగాలి. ఆ ఒదగడం ఎడమకూ కుడికీ ఒకేలా ఉండాలి. కష్టమంతా ఈ రెండో మాట దగ్గరే.

సమతలం బండ

బండి కొలతలు తీసే చదునైన సెటప్ బోర్డులు కొనక్కర్లేదు. కరీంనగర్ గ్రానైటు ఊరూరా దొరుకుతుంది. గ్రానైటు షాపులో కిచెన్ ప్లాట్‌ఫారం కోసిన తర్వాత మిగిలే ముక్కల్లో 18 నుంచి 20 మిల్లీమీటర్ల మందం, రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పున్న పాలిష్ ముక్క అడగండి. తీసుకునే ముందు దాని మీద స్టీలు స్కేలు అంచును నిలబెట్టి, వెనక నుంచి ఫోను లైటు వేయండి. స్కేలు కింద నుంచి వెలుతురు కనబడితే ఆ ముక్క వద్దు. నిలువుకు, అడ్డానికి, రెండు మూలలకూ ఇట్లనే చూడండి. ఇంట్లో టేబుల్ మీద మూడు చోట్ల రబ్బరు ముక్కలు పెట్టి దాని మీద బండ వేయండి, నాలుగు చోట్ల పెడితే బండ ఊగుతుంది. మేస్త్రీల రసమట్టంతో రెండు వైపులా లెవల్ చూసుకోండి.

ఇంకా కావాల్సినవి: డిజిటల్ వర్నియర్, బైకు మెకానిక్కులు ట్యాపెట్లకు వాడే ఫీలర్ గేజ్, 2.0 మిల్లీమీటర్ల హెక్స్ డ్రైవర్, 1 గ్రాము తేడా చూపే వంటింటి కాటా. డ్రైవర్ దగ్గర పిసినారితనం వద్దు. అరిగిన ఎల్ కీతో ఎం3 కౌంటర్‌సంక్ స్క్రూ తల తినేసిందంటే ఆ రోజు పని అక్కడితో ఆగిపోయినట్టే.

వంకర తీయడం

బండి మొత్తం విప్పి కింది ప్లేటును ఒట్టిగా బండ మీద పెట్టండి. నాలుగు మూలల్లో ఒక్కోదాన్నీ వేలితో నొక్కండి. టక్కుమని శబ్దం వస్తే ఆ మూల లేచి ఉన్నట్టు. ఫీలర్ గేజ్ 0.10 ఆకు దాని కిందికి దూరితే ప్లేటు పనికిరాదు. అల్యూమినియం ప్లేటు గుద్దుకుంటే వంగి అట్లనే ఉండిపోతుంది. చేత్తో వంచి సరిచేసినా ఇంకో గుద్దుకు మళ్లీ అదే చోట వంగుతుంది. కార్బన్ ప్లేటు వంగి ఉండిపోదు, పొరలు విడిపోతుంది. అంచు మీద గోరు నడిపితే పొరలు విడిన చోట తట్టుకుంటుంది. స్క్రూ రంధ్రాల చుట్టూ తెల్లటి గీతలున్నాయేమో కూడా చూడండి.

కొత్త కార్బన్ ప్లేటైతే అంచులను 400 నంబరు నీటి ఎమరీతో రుద్ది, పల్చటి ఫెవిక్విక్ పూసి ఆరనివ్వండి, పొరలు విడవకుండా ఆపుతుంది. రుద్దేటప్పుడు నీళ్లు తడుపుతూ, మాస్కు పెట్టుకుని రుద్దండి. కార్బన్ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఇంకో జాగ్రత్త, కార్బన్‌లో కరెంటు పారుతుంది. బ్యాటరీ వైరు పూత అంచు మీద ఒరుసుకుని పోతే షార్టు అవుతుంది.

చాలాసార్లు ప్లేటు బాగానే ఉంటుంది, వంకర బిగింపులో వస్తుంది. కౌంటర్‌సంక్ స్క్రూ తల గుంతలోకి కూర్చునేటప్పుడు ప్లేటును తన వైపు లాగుతుంది. పది స్క్రూలు పది వైపులకు లాగి ఆగితే చాసీ ఒక కోడు పొట్టిదైన మంచంలా తయారవుతుంది. అందుకని బిగించే వరస ముఖ్యం.

బల్క్‌హెడ్లు, మోటార్ మౌంటు, సర్వో (ముందు చక్రాలను తిప్పే చిన్న మోటారు) మౌంటు అన్నీ వదులుగా పెట్టండి. స్క్రూ తల ఆనగానే ఆపి, అర చుట్టు వెనక్కి తిప్పండి. టాప్ డెక్ ఇంకా వేయొద్దు. ప్లేటును బండ మీద అరచేత్తో నొక్కి పట్టి, బిగించాల్సిన స్క్రూ ఉన్న చోటు మాత్రం బండ అంచు బయటికి వచ్చేలా ప్లేటును జరుపుకుంటూ, కింది స్క్రూలను కొంచెం కొంచెం బిగించండి. వరస అడ్డంగా: ముందు ఎడమ, వెనక కుడి, ముందు కుడి, వెనక ఎడమ. ఒక్కసారే పూర్తిగా బిగించకుండా మూడు దఫాల్లో రండి. ఇప్పుడు టాప్ డెక్ వేసి స్క్రూలన్నీ వేళ్లతో కూర్చోబెట్టండి. ఏ స్క్రూ అయినా రంధ్రంలోకి నేరుగా దిగకపోతే బలవంతంగా దింపొద్దు. ఆ రంధ్రం మిగతావాటితో కలవట్లేదని అర్థం. టాప్ డెక్ రంధ్రాన్నే గుండ్రటి ఆకురాయితో 0.1 మిల్లీమీటరు పెద్దది చేయండి. బిగించాక మళ్లీ బండ మీద నాలుగు మూలలు నొక్కి చూడండి.

లోహంలోకి దిగే స్క్రూలకు నీలం థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు) ఒక చుక్క సరిపోతుంది. ప్లాస్టిక్‌లోకి దిగేవాటికి అస్సలు వద్దు, ప్లాస్టిక్ పగులుతుంది.

మెలి కొలవడం

ఇది చాలామంది చేయరు. గంట పని, ఖర్చు దాదాపు లేదు. ఒకసారి కొలిచి పెట్టుకుంటే తర్వాత ఏ స్క్రూ తీసినా ఎంత మెత్తబడిందో అంకె చెప్తుంది.

సస్పెన్షన్ చేతులు (చక్రాలను చాసీకి కలిపే ఆర్ములు), షాకులు, బ్యాటరీ తీసేయండి. బల్క్‌హెడ్లు, టాప్ డెక్, మోటారు, సర్వో ఉండనివ్వండి. వెనక బల్క్‌హెడ్ల కింద 10 మిల్లీమీటర్ల మందం చెక్క పెట్టి సి-క్లాంపులు రెంటితో చాసీని బండకు బిగించండి. ముందు బల్క్‌హెడ్ల కింద, సరిగ్గా మధ్య గీత మీద, అంతే ఎత్తులో గుండ్రటి తల ఉన్న బోల్టు నిలబెట్టండి. చాసీ ముందు భాగం ఆ ఒక్క చుక్క మీదే ఆని ఉండాలి. ముందు షాక్ టవర్‌కు (షాకుల పై కొసలు బిగించే ప్లేటుకు) అడ్డంగా అల్యూమినియం యాంగిల్ ముక్క ఒకటి కట్టండి, మధ్య నుంచి రెండు వైపులా కనీసం 100 మిల్లీమీటర్లు రావాలి. పట్టీ వద్దు, అదే వంగి కొలత పాడుచేస్తుంది.

ఎడమ వైపు మధ్య నుంచి సరిగ్గా 100 మిల్లీమీటర్ల దగ్గర ముందు 100 గ్రాములు వేలాడదీయండి. స్క్రూల సందుల్లోని ఆట పోవడానికి ఇది. అక్కడ కొలత సున్నా చేసుకుని, ఇంకో 500 గ్రాములు కలపండి, సంచితో కలిపి కాటా మీద తూచిన నీళ్లు చాలు. ఆ చివర ఎంత దిగిందో చూడండి. లేత్ షాపులో డయల్ గేజ్ ఉంటే అడిగి తెచ్చుకోండి, లేకపోతే వర్నియర్ లోతు పుల్లతో బండ నుంచి కొలవొచ్చు.

లెక్క ఇట్లా: 0.5 కిలో × 9.81 × 0.1 మీటరు = 0.49 న్యూటన్-మీటర్లు. చివర 1 మిల్లీమీటరు దిగిందనుకోండి, 100కి 1 అంటే 0.57 డిగ్రీలు. 0.49ని 0.57తో భాగిస్తే డిగ్రీకి 0.86 న్యూటన్-మీటర్లు. ఇదే మీ చాసీ బిగువు, అంటే ఒక డిగ్రీ మెలి తిప్పడానికి పట్టే బలం.

ఇప్పుడు దీన్ని సస్పెన్షన్‌తో పోల్చాలి. షాకు స్ప్రింగు మిల్లీమీటరుకు 2.7 న్యూటన్లది, చక్రం 10 కదిలితే షాకు 6 కదులుతుందనుకుందాం. చక్రం దగ్గర బిగువు 2.7 × 0.6 × 0.6, అంటే మిల్లీమీటరుకు దాదాపు 1 న్యూటన్, మీటరుకు 1000. ఎడమ కుడి టైర్ల మధ్య దూరం 165 మిల్లీమీటర్లైతే ఒక జత చక్రాల ఒరుగుడు బిగువు డిగ్రీకి 0.24 న్యూటన్-మీటర్లు వస్తుంది (1000 × 0.165 × 0.165 ÷ 2, దాన్ని 57.3తో భాగించాలి). 0.86 దీనికి మూడున్నర రెట్లు. ఈ మాత్రం ఉంటే స్ప్రింగు మార్పు తెలుస్తుంది. రెండు రెట్ల కంటే తక్కువుంటే స్ప్రింగులతో ఆడుకోవడం దండగ, చాసీ సంగతి ముందు చూడాలి. యాంటీ రోల్ బారు (బండి ఒరగకుండా ఎడమ కుడి చక్రాలను కలిపే స్టీలు తీగ) బిగించాక ఈ లెక్క ఇంకా బిగుసుకుంటుంది, ఎందుకంటే అది ఒరుగుడు బిగువును పెంచుతుంది.

అదే కొలత కుడి వైపూ తీయండి. రెంటి మధ్య పదో వంతు కంటే ఎక్కువ తేడా ఉంటే బండి ఒక మలుపులో ఒకలా, రెండో మలుపులో ఇంకోలా నడుస్తుంది. దొంగ ఎక్కువగా సర్వో మౌంటు దగ్గర దొరుకుతుంది. సర్వోను రెండు చోట్ల కింది ప్లేటుకు బిగిస్తే ఆ వైపు చాసీకి అదొక దూలమవుతుంది. ఒకే వైపు ఆని ఉండే ఫ్లోటింగ్ మౌంటు వాడండి. తర్వాతి అనుమానం బ్యాటరీ. గట్టి డొక్కు ఉన్న లైపో 300 గ్రాముల దాకా ఉంటుంది, టేపుతో బిగదీసి కడితే అదీ చాసీలో భాగమైపోతుంది. దాని చుట్టూ 1 మిల్లీమీటరు ఖాళీ ఉంచి, ఊగకుండా మాత్రమే ఆపండి.

గట్టిపరచాలా, మెత్తబరచాలా

ప్లేటు బిగువు మందం ఘనంతో పెరుగుతుంది. 2.0 నుంచి 2.25 మిల్లీమీటర్లకు పోతే బరువు ఎనిమిదో వంతు పెరుగుతుంది, బిగువు మాత్రం 1.42 రెట్లవుతుంది. 2.5కు పోతే 1.95 రెట్లు. అందుకే దుమ్ము నేలకు 2.5 ప్లేటు కొనొద్దు. 2.0 లేదా 2.25 తీసుకుని టాప్ డెక్ స్క్రూలతో సర్దుకోవడం మేలు. స్క్రూ తీయడం ఉచితం, మళ్లీ పెట్టొచ్చు.

వరస ఇది. మొదట అన్ని స్క్రూలతో నడపండి. బండి నేల మీద జారుతూ, మలుపు మధ్యలో ముందు చక్రాలు పట్టకపోతే టాప్ డెక్ మధ్యలోని స్క్రూలు రెండు తీయండి. వెనక పట్టు చాలకపోతే మోటార్ మౌంటు నుంచి టాప్ డెక్‌లోకి పోయే స్క్రూ తీయండి. మధ్య గీతకు ఒక పక్కనున్న స్క్రూ తీస్తే అవతలి పక్కదీ తీయాల్సిందే. బల్క్‌హెడ్ స్క్రూలను ఎప్పుడూ తాకొద్దు, అక్కడ వదులైతే చక్రాల కోణాలే మారిపోతాయి. ఒక్కసారి ఒక్క మార్పే చేయండి. ఐదు ల్యాపులు నడిపి, వెంటనే పాత స్థితికి తెచ్చి మళ్లీ ఐదు నడపండి. ఉదయం ఏడింటికీ తొమ్మిదింటికీ నేల వేడి మారుతుంది కాబట్టి పాత స్థితికి తెచ్చి చూడకపోతే ఎండ చేసిన మార్పును మీ స్క్రూ ఖాతాలో వేసుకుంటారు.

టామియా టీటీ-02 లాంటి ప్లాస్టిక్ తొట్టి చాసీ ఉన్నవాళ్లు ఈ కొలతలకు దిగులు పడొద్దు. అది మెలి తిరుగుతుంది, తిరగనివ్వండి. ముందు కిట్‌లో వచ్చిన ఆయిల్ లేని డ్యాంపర్లు తీసి ఆయిల్ డ్యాంపర్లు వేసుకుంటే, అల్యూమినియం ముక్కల మీద పెట్టే డబ్బు కంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

సస్పెన్షన్ బిగింపు

సస్పెన్షన్ చేతులు తమ బరువుకే కిందికి జారాలి. షాకు తీసి చేతిని పైకెత్తి వదిలితే మధ్యలో ఆగకూడదు. ఆగితే చేయి కీలుగా తిరిగే పిన్ను వంగిందేమో బండ మీద దొర్లించి చూడండి. పిన్ను బాగుంటే దాని రంధ్రంలో 3.0 రీమర్‌ను (రంధ్రాన్ని నున్నగా చేసే పనిముట్టు) చేత్తో ఒకసారి తిప్పండి. ముందుకూ వెనక్కూ ఆట 0.1 నుంచి 0.2 ఉంటే చాలు. ఇక్కడ ఆయిల్ గానీ గ్రీజు గానీ వేయకండి, దుమ్ముతో కలిసి సానపొడిలా పిన్నును అరగదీస్తుంది.

నాలుగు షాకుల పొడవు వర్నియర్‌తో కొలవండి, ఎడమ కుడి జంటలో 0.1 కంటే తేడా ఉండకూడదు. ఆయిల్ పోసి, పిస్టన్‌ను మెల్లగా పదిసార్లు ఆడించి, బుడగలు పైకి రావడానికి పావుగంట నిలబెట్టి ఉంచండి. మూత బిగించాక రాడ్‌ను పూర్తిగా లోపలికి నెట్టి వదిలితే రెండు షాకులూ ఒకే వేగంతో, ఒకే దూరం వెనక్కి రావాలి.

మొదలుకు 400 సీఎస్టీ (సెంటీస్టోక్, ఆయిల్ చిక్కదనం కొలత) ఆయిల్ బాగుంటుంది. కానీ ఆ అంకె 25 డిగ్రీల దగ్గరిది. 40 డిగ్రీలకు సిలికాన్ ఆయిల్ సుమారు నాలుగో వంతు పల్చబడుతుంది, 400 కాస్తా 300 అవుతుంది. మార్చి దాటాక మన దగ్గర 500 పోయండి. డిసెంబరు పొద్దున 350 కూడా బాగానే నడుస్తుంది. సీసా మీద "డబ్ల్యూటీ" అని ఉంటే కంపెనీ కంపెనీకి ఆ అంకె మారుతుంది, సీఎస్టీ రాసినదే కొనండి. బైకు ఫోర్క్ ఆయిల్ పోయొద్దు. ఎండకు అది ఇంకా తొందరగా పల్చబడుతుంది, సిలికాన్ ఓ-రింగులైతే ఉబ్బిపోతాయి.

ఎత్తు: బ్యాటరీ, బాడీ అన్నీ ఉంచి కొలవాలి. అతుకులున్న సిమెంటు మీద ముందు 5.5, వెనక 5.8 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. చాసీ అడుగున కొత్త గీతలు పడుతుంటే 0.5 పెంచండి, నేలకు తగిలిన ప్రతిసారీ చక్రాల మీది బరువు పోయి బండి పక్కకు ఎగురుతుంది. డ్రూప్, అంటే చాసీని ఎత్తితే చక్రం నేల వదిలే లోపు ఎంత లేస్తుందో, ముందు 2, వెనక 2.5 నుంచి 3 మిల్లీమీటర్లు. క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికి ఒరిగే కోణం) నాలుగింటికీ మైనస్ 1.5 డిగ్రీలు. టో-ఇన్ (చక్రాల ముందు అంచులు లోపలికి తిరిగి ఉండే కోణం) వెనక 3 డిగ్రీలు, ముందు సున్నా.

ఇప్పుడు ట్వీక్ పరీక్ష, అంటే ఎడమ కుడి చక్రాల మీద బరువు సమానంగా పడుతుందో లేదో చూడటం. యాంటీ రోల్ బార్లు రెండూ విప్పేయండి. ముందు బంపర్ కింద సరిగ్గా మధ్యలో చాకు మొన పెట్టి మెల్లగా ఎత్తండి. రెండు ముందు చక్రాలూ ఒకేసారి లేవాలి. ఎడమది ముందు లేస్తే, తప్పు ముందు స్ప్రింగులది కాదు. ముందు భాగం ఒక చుక్క మీద ఆని ఉన్నప్పుడు చాసీని ఒరిగించేది వెనక స్ప్రింగులే. వెనక కుడి కాలర్‌ను (షాకు మీద స్ప్రింగును నొక్కి పట్టే రింగును) పావు చుట్టు బిగించి, వెనక ఎడమను పావు చుట్టు వదలండి. తర్వాత వెనక నుంచి ఎత్తి ముందు స్ప్రింగులు ఇట్లనే సరిచేయండి. చాలామంది ఇది తలకిందులుగా చేసి, ఎంత తిప్పినా కుదరక తలపట్టుకుంటారు. కుదిరాక బార్లు తగిలించి మళ్లీ ఎత్తి చూడండి. ఇప్పుడు తేడా వస్తే బారు వంకర లేదా దాని లింకుల పొడవు తేడా. స్ప్రింగు కాలర్‌ను మళ్లీ ముట్టొద్దు.

ఎడమ కుడి బరువు తేడా ఉంటే ఈ పరీక్ష మోసం చేస్తుంది. ముందే మధ్య గీత మీద రెండు మొనల పైన బండిని నిలబెట్టి, తేలిక వైపు టైరు షాపులో దొరికే అంటించే సీసం ముక్కలు, 5 గ్రాములవి, వేసుకోండి.

బారు మందం మార్చేటప్పుడు గుర్తుంచుకోండి, తీగ బిగువు మందం నాలుగో ఘాతంతో పెరుగుతుంది. 1.2 నుంచి 1.3కు పోతే 38 శాతం ఎక్కువ. 1.4 వేస్తే దాదాపు 85 శాతం. ఒక మెట్టు చాలు.

రోల్ సెంటర్ (మలుపులో బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది) మార్చడానికి చేతి పిన్ను బ్లాకుల కింద 0.5 షిమ్ముతోనే (సన్నటి వాషరుతోనే) కదలండి. షిమ్ము తీస్తే బండి ఎక్కువ ఒరిగి పట్టు పెరుగుతుంది, తిరగడం నెమ్మదిస్తుంది. పెడితే చురుకవుతుంది, జారే నేల మీద తొందరగా వదిలేస్తుంది.

నడిపినప్పుడు కనబడేవి

ఎడమకు చక్కగా తిరిగి కుడికి జారితే స్ప్రింగుల జోలికి పోకుండా వంకర, ట్వీక్, బరువు ఈ వరసలో చూడండి. అతుకు దాటినప్పుడు తోక ఎగిరితే వెనక ఆయిల్ 50 తగ్గించండి లేదా వెనక డ్రూప్ అర మిల్లీమీటరు పెంచండి. నిన్న బాగున్న బండి ఏ మార్పూ చేయకుండానే ఇయాల అడ్డంగా నడిస్తే, నిన్న చివర్లో ఎక్కడో గోడకు తగిలి ఉంటుంది, టాప్ డెక్ స్క్రూలన్నీ వదిలి బండ మీద మళ్లీ బిగించండి. సగం సార్లు అక్కడే సరిపోతుంది. ఊడ్చిన కోర్టు మీద మధ్యాహ్నం ఎండలో రబ్బరు టైర్లు మరీ పట్టి బండి తిరగబడితే ఎత్తు 0.5 తగ్గించండి. అయినా ఆగకపోతే ముందు టైర్ల బయటి అంచుకు ఫెవిక్విక్ పల్చగా పూసి ఆరనివ్వండి.

ఎర్రమట్టి బగ్గీకి

చల్క నేల బగ్గీకి మంచిది. రేగడి వద్దు, ఎండితే నెర్రెలు, తడిస్తే చక్రాలకు ముద్ద. ఇక్కడ మెలి లెక్క అంతగా అక్కర్లేదు, వదులు నేల మీద మెత్తని చాసీయే నయం. పక్క గార్డులు, కింది ప్లేటు మధ్యనున్న స్క్రూలు ఒకటి విడిచి ఒకటి తీసి చూడండి, రెండు పక్కలా సమానంగా. ఎత్తు 22 నుంచి 24 మిల్లీమీటర్లు, చేతులు నేలకు దాదాపు సమాంతరంగా ఉండాలి. ట్వీక్ పరీక్ష దీనికీ అంతే.

మట్టిలో నడిపాక నీళ్లతో కడగొద్దు. పెయింటు బ్రష్షుతో దులిపి, సైకిల్ పంపుతో గాలి కొట్టి, పిన్నులు తీసి పొడి గుడ్డతో తుడవండి. షాకు రాడ్ మీద ఎర్ర గీత కనబడితే కింది ఓ-రింగులోకి మట్టి చేరినట్టు, ఆ రింగునూ ఆయిల్‌నూ రెంటినీ మార్చండి.